కర్లింగ్‌నే నమ్ముకుంటే ఫ్రాన్స్‌లో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మేం గ్రెనోబుల్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. పదిహేనేళ్లు, సెగోండ్ (లిసే మొదటి ఏడాది) చదువుతున్నాడు. మూడేళ్లుగా వారాంతాల్లో మెజెవ్ వెళ్లి కర్లింగ్ (మంచు మీద రాళ్లు జార్చి గురి వలయాల్లో నిలిపే ఆట) ఆడుతున్నాడు. ఫ్రాన్స్ చాంపియన్ అవుతాడట, అందుకని మ్యాథ్స్ వదిలేస్తాడట! దీంట్లో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఆట మాన్పించకండమ్మా, మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి. ఫ్రాన్స్‌లో కర్లింగ్‌కు ప్రొఫెషనల్ లీగ్ లేదు. జాతీయ టైటిల్ గెలిచినా ఇల్లు గడవదు. అక్కరకొచ్చేది క్రీడా మంత్రిత్వ శాఖ ఉన్నతస్థాయి క్రీడాకారుల జాబితా. ఐస్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ప్రతిపాదిస్తేనే అందులో పేరు ఎక్కుతుంది. ఎక్కితే క్లాసుల టైమ్‌టేబుల్ సర్దుబాటు చేస్తారు, ఉద్యోగంలోనూ వెసులుబాటు అడగొచ్చు.

తొందర అక్కర్లేని ఆట ఇది. ఫ్రెంచ్ ఆటగాడు థామస్ దూఫూర్ 2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఆడాడు. అక్కడ ఫ్రాన్స్ తొమ్మిది మ్యాచ్‌లూ ఓడింది. ఎనిమిదేళ్ల తర్వాత వాంకూవర్ ఒలింపిక్స్‌కు అతనే స్కిప్‌గా, అంటే జట్టు కెప్టెన్‌గా వెళ్లాడు. ఈలోగా ఒక డిగ్రీ హాయిగా పూర్తవుతుంది.

ఇక ఆట సంగతి. రాయి బరువు 20 కిలోలకు కాస్త తక్కువ, అది జారే ఐస్ పట్టీ పొడవు 45 మీటర్ల పైచిలుకు. అయినా విసరడానికి కండబలం కాదు, కాలితో ఇచ్చే తోపు కావాలి. కుర్రాళ్లు ఎక్కువగా చేసే తప్పు, జారేటప్పుడు ఒంటి బరువంతా రాయి మీద మోపడం. రాయి వదలగానే ఆనుకున్న ఊతం పోయి ఒళ్లు పక్కకు ఒరుగుతుంది, చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. గురి కోసం స్కిప్ బ్రష్‌తో చూపిన గీతను రాయి తప్పుతుంది. మందు చవకే: ఫోన్‌లో ఎదురుగా నిలబడి వీడియో తీయండి. రాయి లేకుండా జారమనండి. తిన్నగా నిలవలేకపోతే లోపం చేతిలో కాదు, బ్యాలెన్స్‌లో ఉన్నట్టే.

ఇంకో చిక్కు ఐస్‌ది. స్కేటింగ్, హాకీ ఆడే రింకులో మంచు పూర్తి సమతలంగా ఉండదు. పైన చల్లే గోరువెచ్చటి నీటి బొట్లు, అదే పెబుల్, కూడా సమంగా కుదరదు. రాయి నెమ్మదిగా పోతుంది, ఒక్కోసారి పల్లానికి జారుతుంది. దానికి అలవాటుపడ్డ పిల్లాడు మంచి చాంపియన్‌షిప్ ఐస్ మీద అదే జోరుతో వేస్తే రాయి హౌస్ (గురి వలయాలు) దాటి వెనక్కి పోతుంది. అందుకే సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లో కర్లింగ్‌కే కట్టిన హాళ్లలో ఏటా కొన్ని రోజులైనా ఆడించండి. ఖర్చు పెడితే దీనికే పెట్టండి. రాళ్లు క్లబ్బువే, మీరు కొనాల్సింది బూట్లు, బ్రష్.

ఒలింపిక్స్‌కు ఫ్రెంచ్ పౌరసత్వం తప్పనిసరి. ఫ్రాన్స్‌లో పుట్టి, పదకొండేళ్ల వయసు నుంచి మొత్తం ఐదేళ్లు అక్కడే ఉన్నవాడు 16 నిండగానే తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) తీసుకోవాల్సి వస్తుంది. ఇది మీ ఇంట్లో ముందే తేల్చుకోండి.

కోచింగ్‌తో బతుకుదామన్నా, డబ్బు తీసుకుని నేర్పడానికి ప్రభుత్వ గుర్తింపున్న డిప్లొమా కావాలి. స్టాప్స్ (క్రీడా శాస్త్రాల) డిగ్రీలోని స్పోర్ట్స్ ట్రైనింగ్ విభాగం అందుకు ఒక దారి. అందులోనూ లెక్కలొచ్చినవాడికే బయోమెకానిక్స్ తేలిగ్గా అబ్బుతుంది.

ప్రెమియర్‌కు, అంటే వచ్చే ఏటి తరగతికి, మూడు స్పెషాలిటీలు (ప్రత్యేక సబ్జెక్టులు) ఈ ఏడాది చివరి టర్మ్‌లో ఖాయం చేస్తారు. ఆ ఫారం మీద మ్యాథ్స్ ఉందో లేదో చూశాకే సంతకం పెట్టండి.