సినిమా నడుస్తుంటే సీపీయూ సౌండ్ వినపడకూడదంటే

ప్రశ్న: నమస్తే అండీ. మా హాల్లో 55 అంగుళాల 4కె టీవీ, ఏవీ రిసీవరు, 5.1 స్పీకర్లు ఉన్నాయి. పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి టీవీ యూనిట్ అరలో పెట్టి దాన్లోంచే సినిమాలు, ఇంట్లో ఫంక్షన్ల వీడియోలు చూస్తాం. ఎండాకాలం ఏసీ సౌండ్‌లో తెలియదు గానీ, చలికాలం రాత్రి ఫ్యాన్ కూడా ఆపితే గుయ్యిమని ఒకటే గోల, మెల్లగా మాట్లాడే సీన్ వస్తే డైలాగ్ అందదు. కొత్తది అసెంబుల్ చేయిద్దామని షాపుకెళ్తే 750 వాట్ల పవర్ సప్లై, లిక్విడ్ కూలర్, గ్రాఫిక్స్ కార్డు అంటున్నారు. అవన్నీ కావాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మూడూ వద్దండీ. లిక్విడ్ కూలర్ అంటే సౌండ్ రాదనుకుంటారు గానీ దానికీ రేడియేటర్ మీద ఫ్యాన్లుంటాయి, పైగా పంపు ఒకటి పీసీ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అసలు ఫ్యాన్ ఎందుకు అరుస్తోంది, వేడిని బయటికి తోలడానికి. అందుకని కూలర్ సంగతి తర్వాత, ముందు వేడెక్కని ప్రాసెసర్ చూసుకోవాలి.

4కె సినిమా ప్లే చేయడం ఇప్పుడు పెద్ద పని కాదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌లో వీడియో డీకోడర్ అని ఒక భాగం ఉంటుంది, మొత్తం అదే చూసుకుంటుంది. ఆ డీకోడర్‌కి 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే మూడు వీడియో ఫార్మాట్లూ తెలిసి ఉంటే చాలు. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌కి మూడూ తెలుసు, నాలుగు కోర్లు, టీడీపీ (ప్రాసెసర్ పుట్టించే వేడి లెక్క) 6 వాట్లు. ఇది బిగించి వచ్చే మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డుల్లో కొన్నిటికి ఫ్యానే ఉండదు, వేడి పీల్చుకునే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్ ఒక్కటే. మీ వాడకానికి నేనైతే కళ్లు మూసుకుని ఇదే చెప్తా. పిల్లల చదువులు, ఫొటో ఎడిటింగ్ కూడా దీని మీదే అంటే ఇంటెల్‌దే ఐ3-12100 ప్రాసెసర్ తీసుకోండి, కానీ చివర ‘ఎఫ్’ ఉన్నది పొరపాటున కూడా వద్దు, దాన్లో గ్రాఫిక్స్ ఉండదు, మళ్లీ కార్డు కొనిపిస్తారు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ చవగ్గా వస్తుందని చాలామంది అడుగుతున్నారు, ప్రాసెసర్ మంచిదే గానీ దాని డీకోడర్‌కి ఏవీ1 రాదు, అలాంటి ఫైల్ పెట్టారంటే పనంతా కోర్ల మీద పడి ఫ్యాన్ లేస్తుంది.

బోర్డు కొనేటప్పుడు హెచ్‌డీఎంఐ 2.0 ఉందా లేదా అని పెట్టె మీద చదవండి. 1.4 అయితే 4కె లో 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, వెలుగునీడలు, రంగులు బాగా చూపించే హెచ్‌డీఆర్ కూడా రాదు.

పవర్ సప్లై విషయానికొస్తే, కొన్ని ఎన్100 బోర్డులు ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి 19 వోల్టుల అడాప్టర్ మీదే నడుస్తాయి, దాంతో పవర్ సప్లై ఫ్యాన్ గొడవే పోతుంది. ఐ3 కి కూడా 400 వాట్లు బోలెడు.

ఫ్యాన్ పెట్టాల్సి వస్తే 120 ఎంఎం ది, స్పీడు బోర్డే తగ్గించి పెంచగలిగే నాలుగు పిన్నులది పెట్టండి. 80 ఎంఎం ఫ్యాన్ అదే గాలి తోలడానికి రెండింతల పైన తిరగాలి, కీచుమంటుంది. స్పీడు సగానికి తగ్గిస్తే లెక్క ప్రకారం 15 డెసిబెల్స్ దాకా సౌండ్ తగ్గుతుంది. పీసీ ఆన్ చేయగానే తెరిచే బయోస్ సెట్టింగుల్లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత స్పీడు అన్న పట్టీ) ఉంటుంది, ప్రాసెసర్ వేడి 55 డిగ్రీలు దాటేదాకా 600 ఆర్‌పీఎం చుట్టూ ఉండేలా పెట్టుకుంటే రెండు మీటర్ల అవతల సోఫాలో కూర్చున్నవాళ్లకి తెలియదు.

ఇంతకీ మీకు వినిపించే గోల ఫ్యాన్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే నేను ఇక్కడే మోసపోయాను. రెండు ఫ్యాన్లు మార్చాక కూడా మా హాల్లో సన్నగా మోత ఆగలేదు. ఒక రాత్రి అన్నీ ఆపేసి న్యూస్‌పేపర్ గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండో కొస సీపీయూ దగ్గర పెట్టి అంగుళం అంగుళం జరుపుతూ విన్నా, ఫ్యాన్ల దగ్గర ఏమీ లేదు, హార్డ్‌డిస్క్ దగ్గరికొచ్చేసరికి దొరికింది. అర మీద అరచేయి ఆనిస్తే జివ్వుమంటోంది. డిస్కు చప్పుడు నిజానికి చిన్నదే, దాని అదురుని ప్లైవుడ్ అర వీణ కుండలాగా పెంచి హాలంతా వినిపిస్తోంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి డిస్కు కింద, సీపీయూ కాళ్ల కింద వేశా, సగం పైగా తగ్గిపోయింది.

మీరు ఇంకో అడుగు ముందుకెయ్యండి. కొత్త పీసీలో తిరిగే భాగాలే లేని చిన్న ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి, సినిమాలున్న హార్డ్‌డిస్కుని ఆ పాత డెస్క్‌టాప్‌తో సహా స్టోర్‌రూమ్‌లోకి పంపేసి, దాన్లోని సినిమాల్ని హాల్లో పీసీకి అందించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ అందులో వేసుకోండి, ఫ్రీగానే వస్తుంది. మధ్యలో క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. 4కె బ్లూరే డిస్కు నుంచి తీసిన ఫైల్ ఒక్కోసారి సెకనుకి 128 మెగాబిట్ల దాకా అడుగుతుంది కాబట్టి రౌటర్ పోర్టులు గిగాబిట్‌వే ఉండాలి, 100 మెగాబిట్లవి అయితే మధ్యమధ్యలో ఆగుతుంది.

టీవీ యూనిట్‌కి తలుపులుంటే మాత్రం ఏ పార్టు కొన్నా దండగే. మే నెల బెజవాడ ఎండకి మూసిన అరలో వేడి అలాగే నిలబడిపోతుంది, ఫ్యాన్‌లెస్ బోర్డుకి అది ఇంకా కష్టం. కార్పెంటర్‌ని పిలిచి వెనక ప్లైవుడ్‌కి కింద ఒకటి, పైన ఒకటి నాలుగంగుళాల కన్నాలు కొట్టించండి, వేడి గాలి పైనుంచి దానంతటదే పోతుంది.

ప్రశ్న: అన్నా, ఫ్యాన్ లేని మినీ పీసీ తీసుకున్న. అయినా మౌస్ కదిపితే, పేజీ పైకి కిందికి జరిపితే చిర్ర్ అని సన్నగా సౌండ్ వస్తున్నది. ఫ్యానే లేనప్పుడు సౌండ్ ఎక్కడిది? ఇంట్లోవాళ్లకు వినపడుతలేదు, నాకు మాత్రమే వినపడుతున్నది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ భ్రమ కాదు తమ్ముడూ. దాన్ని కాయిల్ వైన్ అంటారు. బోర్డు మీద కరెంటుని సరిచేసే చిన్న చిన్న కాయిల్స్ ఉంటాయి, ప్రాసెసర్ నిద్రలోకి పోయి లేచినప్పుడల్లా వాటిలో కరెంటు గబుక్కున మారి సన్నగా అదురుతాయి, మౌస్ కదిపినప్పుడే రావడం అందుకే. పెద్దవాళ్ల చెవులకి అంత సన్నటి శబ్దం అందకపోవచ్చు. పీసీకి ప్రమాదమేమీ లేదు. ముందు అడాప్టర్‌ని చెవి దగ్గర పెట్టి వినండి, సౌండ్ దాన్లోంచే అయితే అడాప్టర్ మార్చడంతో పోతుంది. బోర్డులోంచి అయితే బయోస్‌లో సీ-స్టేట్స్ (ప్రాసెసర్ నిద్రపోయే స్థితులు) ఆపి చూడండి, కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది గానీ చాలావాటిలో తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కిచ్చి వేరే పీస్ అడగండి, అదే మోడల్‌లో కూడా ఒకదానికి ఉండి ఇంకోదానికి ఉండదు.