నాయనమ్మగారి ఇంటి పూల గచ్చు గురించి

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన ఫోటోలన్నీ నిదానంగా, పెద్దవి చేసుకుని మరీ చూశాను. వన్‌టౌన్‌లోని మన పాత ఇంటి సావిట్లో ఏళ్ళ తరబడి పరిచి ఉన్న ప్లాస్టిక్ షీటును అల్లుడుగారు తీయించగానే దాని కింద నుంచి ఆకుపచ్చ, మెరూన్ రంగుల పూల టైల్స్ బయటపడ్డాయని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ గచ్చు మీద పాకుతూ పెరిగినవాళ్ళం మేము. మళ్ళీ మెరవాలంటే ఏ సీలర్, అంటే తడి దిగకుండా గచ్చుకు పూసే మందు, కొనాలని నువ్వు అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరం చివర్లో వస్తుంది, ఎందుకంటే పనిలోనూ సీలర్ వంతు చివర్లోనే వస్తుంది. నలభై ఏళ్ళు కట్టడాల పని చేయించిన అనుభవంతో చెబుతున్నాను, పాత గచ్చులు నిర్లక్ష్యం వల్ల పాడైనదానికన్నా తొందరపడి చేసిన బాగుచేత వల్ల పాడైనదే ఎక్కువ.

ముందుగా నీ కాళ్ళ కింద ఉన్నది ఏ రకం టైలో తేల్చుకోవాలి. చూడటానికి ఒకేలా ఉండే పూల టైల్స్‌లో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి మట్టితో చేసి కొలిమిలో కాల్చినది. ఇంగ్లండులోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో మింటన్ వంటి కంపెనీలు చేసి ఓడల మీద మన దేశానికి పంపినవి ఈ రకమే. రెండోది సిమెంటు టైలు. దీన్ని కాల్చరు. ఇనుప అచ్చులో ఇత్తడి రేకుల గళ్ళు పెట్టి, రంగు కలిపిన సిమెంటును ఒక్కొక్క గడిలో పోసి, రేకులు పైకి తీసేసి, వెనక పొడి సిమెంటూ ఇసుకా వేసి, ప్రెస్ కింద గట్టిగా అదిమి, ఆ తర్వాత నీళ్ళలో నానబెట్టి గట్టిపరుస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో మొదలైన ఈ పద్ధతి మన దేశంలోనూ వేళ్ళూనుకుంది. బొంబాయిలో భారత్ ఫ్లోరింగ్స్ వారు 1922లో విదేశీ టైల్స్‌కు పోటీగా స్వదేశీ పరిశ్రమగా దీన్ని ప్రారంభించారు. మన హార్బరు తెరుచుకున్న 1933 ప్రాంతంలో కట్టిన ఇళ్ళలో నేను చూసినవి ఎక్కువగా ఈ సిమెంటు రకమే.

సావిట్లోని టైలు ఎనిమిది అంగుళాల చదరంగా కనిపిస్తోంది కనుక అది సిమెంటుదే అనుకుంటున్నాను. అయినా పరీక్షించి చూడు. తలుపు వెనక ఎవరికీ కనపడని మూలలో ఒక్క చుక్క వెనిగర్ వెయ్యి. సన్నగా నురగ వస్తే అది సిమెంటు, వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యి. కాల్చిన మట్టి టైలైతే చుక్క అలాగే నిలబడుతుంది. ఊడిన టైలు ఏదైనా దొరికితే పక్కకు తిప్పి అంచు చూడు. సిమెంటు టైల్లో పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన మాత్రమే రంగు ఉంటుంది, కింద అంతా బూడిదరంగు సిమెంటే. ఆ మూడు నాలుగు మిల్లీమీటర్లే మీ నాయనమ్మగారి గచ్చు అని గుర్తుపెట్టుకుంటే నేను ఇకపై చెప్పేవన్నీ నీకు సులువుగా అర్థమవుతాయి.

ఆ చుక్క వెనిగర్‌కే నురగ కక్కే టైలు మీద బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు. మీ పెద్దక్క పెళ్ళికి ఇంటికి సున్నాలు వేయించినప్పుడు గచ్చు మీద పడిన సున్నపు చుక్కలు పోవడం లేదని కూలికి వచ్చిన మనిషి యాసిడ్ తెచ్చి మధ్య గదిలో పోశాడు. నేను పందిరి పనిలో ఉండి చూసుకోలేదు. తెల్లటి నురగ లేచింది, చుక్కలు పోయాయి, అందరం సంతోషించాం. గచ్చు ఆరిన తర్వాత చూస్తే ముదురాకుపచ్చ రంగు బూజు పట్టిన ఆకులా పాలిపోయి ఉంది. వేలితో రాస్తే గరుకు కాగితంలా గరగరలాడింది, వేలికి ఆకుపచ్చ పొడి అంటింది. దానికి తరుణోపాయం లేదు. ఆ భాగం మీద ఈనాటికీ మంచం వేసి ఉంచాము. కాబట్టి యాసిడ్, నిమ్మరసం, చింతపండు, వెనిగర్, ఇవేవీ గచ్చు దరిదాపులకు రానివ్వకు. కుంకుడు రసం మంచిదే కదా అని మీ అమ్మ అనవచ్చు, కానీ దానికీ కొద్దిగా ఆమ్లగుణం ఉంది, అది జుట్టుకు సరిపోతుంది కానీ సిమెంటు టైలుకు కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం చెబుతాను. పాతకాలపు ఇళ్ళలో గచ్చు కింద ప్లాస్టిక్ షీటు వంటి అడ్డు ఏదీ ఉండదు. దిమ్మిస కొట్టిన మట్టి, దాని మీద ఇసుక, దాని మీద సున్నపు కాంక్రీటు, ఆ పైన టైలు ఉంటాయి. నేలలోని చెమ్మ ఏడాది పొడవునా పైకి వస్తూనే ఉంటుంది, టైలులోంచీ అతుకుల్లోంచీ గాలిలోకి పోతూనే ఉంటుంది. అలా పోతున్నంత కాలం గచ్చుకు ఏ బాధా లేదు. దాని మీద గాలి ఆడని మూత వేస్తే, అది ప్లాస్టిక్ షీటైనా, ఎపాక్సీ అనే రసాయన పూత అయినా, నిగనిగలాడే వార్నిష్ అయినా, చెమ్మ కిందనే చిక్కుకుపోతుంది. మన ఊళ్ళో ఆ చెమ్మలో ఉప్పు కూడా ఉంటుంది. అది టైలు పైపొర కింద గడ్డకట్టి ఆ పొరను లోపలి నుంచి పెచ్చులుగా లేపుతుంది. హుద్‌హుద్ వచ్చిన 2014లో మనకు దగ్గరి చుట్టాల ఇంట్లో ఇదే జరిగింది. ఆ వేసవిలోనే వాళ్ళు గచ్చుకు మెరుపు పూత వేయించుకున్నారు. అక్టోబరు 12న తుఫాను నీళ్ళు లోపలికి వచ్చాయి, రెండు రోజుల్లో తీసిపోయాయి. కానీ కింద చేరిన నీటికి దారి లేక సంక్రాంతి నాటికి గచ్చంతా పాలు ఒలికినట్టు తెల్లబడి, పూత ఉల్లిపొరల్లా లేచింది. పక్కనే పూత వేయించని వంటింటి గచ్చు మాత్రం దానంతట అదే ఆరి మునుపటిలాగే నిలిచింది.

కాబట్టి ముందు చెమ్మ సంగతి చూడు. రెండడుగుల చదరపు పాలిథీన్ ముక్కను గచ్చు మీద పరిచి నాలుగంచులా టేపు అంటించి ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యి. మర్నాడు దాని అడుగున నీటి బిందువులు కనబడితే గచ్చు ఇంకా తడిగా ఉన్నట్టే. అప్పుడు టైలును కాదు, నీరు వచ్చే దారిని వెతకాలి. పెరట్లో కుళాయి దగ్గరి నీళ్ళు గోడ మొదట్లో ఇంకుతున్నాయేమో, మేడ మీది తూము నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో, రోడ్డు ఎత్తు చేసిన తర్వాత కాలువ మన గుమ్మం కన్నా పైకి వచ్చిందేమో అల్లుడుగారిని చూడమను. ఎన్నో ఏళ్ళు షీటు కింద ఊపిరాడక ఉన్న గచ్చు కనుక, ఏ లీకూ లేకపోయినా ఆరడానికి దానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఈలోగా తెల్లటి ఉప్పు పొడి పైకి పొంగుతుంది. భయపడకు, అది బయటికి రావడమే మంచిది. దాన్ని పొడి బ్రష్షుతో ఊడ్చి ఎత్తి పారెయ్యి. తడిగుడ్డతో తుడిస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

కడగడానికి ముందు ఇసుక రేణువు లేకుండా మెత్తటి చీపురుతో ఊడవాలి. హార్బరు గాలికి మన వైపు ఇళ్ళలో చేరే నల్లటి ధూళిని తడిపితే అది టైలు రంధ్రాల్లోకి దిగుతుంది. ఆమ్లగుణం గానీ క్షారగుణం గానీ లేని సబ్బు ద్రవాన్ని బకెట్ గోరువెచ్చని నీళ్ళలో కలిపి, నైలాన్ బ్రష్షుతో నాలుగేసి టైల్స్ చొప్పున రుద్ది, ఆ మురికి నీటిని అక్కడికక్కడే గుడ్డతో పీల్చెయ్యాలి. బకెట్లతో నీళ్ళు గుమ్మరించి కడిగే మన అలవాటు ఈ గచ్చుకు పనికిరాదు. ఇంకొక మాట, పాత ఊళ్ళో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. కుళాయి నీళ్ళే వాడించు.

పూజగది గుమ్మం దగ్గర ఎర్రటి మరకలు ఉన్నాయని రాశావు. అవి కుంకుమ మరకలు కాకపోవచ్చు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఆడపిల్లకూ తెలుసు. సిమెంటులోనూ ఆ గుణమే ఉంది కనుక గడపకు రాసిన పసుపు కిందికి కారి అలా మారి ఉంటుంది. దాన్ని గోకవద్దు. పసుపు రంగు ఎండకు నిలవదు. పగటిపూట తలుపులు తీసి ఎండ పడనిస్తే కొద్ది వారాల్లో చాలావరకు వెలిసిపోతుంది. దీపారాధన నూనె మరకలకు మాత్రం పట్టు వెయ్యాలి. సుద్దపొడిని మినరల్ టర్పెంటైన్‌తో చపాతీ ముద్దలా కలిపి, మరక మీద అర అంగుళం మందాన మెత్తి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచి, తర్వాత కాగితం తీసి పూర్తిగా ఎండనివ్వు. ఎండుతూ ఎండుతూ ఆ ముద్ద నూనెను పైకి లాగుతుంది. పాత నూనెకు మూడు నాలుగుసార్లు వెయ్యవలసి రావచ్చు. ఆ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచి, దీపం వెలిగించకుండా చూసుకో.

కదులుతున్న టైల్స్‌ను కనిపెట్టడానికి చెక్క గరిటె కాడతో ఒక్కొక్కదాన్నీ తట్టి విను. డొల్ల శబ్దం వచ్చినదాని మీద సుద్దతో గుర్తు పెట్టు. డొల్లగా ఉన్నదల్లా పీకనవసరం లేదు, కాలు పెడితే కదిలేవీ అంచులు విరుగుతున్నవీ తీస్తే చాలు. తీసే ముందు కాగితం మీద గచ్చు పటం గీసి, ప్రతి టైలు వెనకా అదే అంకె, ఏ వైపు గోడ దిక్కుకు ఉందో బాణం గుర్తు వెయ్యాలి. అతుకులను హాక్‌సా బ్లేడుతో గీకి వదులు చేసిన తర్వాతే ఉలి పెట్టాలి. మళ్ళీ పరిచేటప్పుడు తాపీమేస్త్రీ సిమెంటు బస్తా తెస్తానంటాడు, ఒప్పుకోవద్దు. గట్టి సిమెంటు మీద కూర్చున్న టైలు, చుట్టూ ఉన్న మెత్తటి సున్నపు పరుపుతో కలిసి కదలలేక మధ్యకు పగులుతుంది, రేపు ఎవరైనా తీయబోతే ముక్కలుగా గానీ రాదు. ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ (ఇటుక పొడి), రెండు పాళ్ళు ఇసుక కలిపి పరిపించు. ఆ ఇసుక నదిదై ఉండాలి. సముద్రపు ఇసుక కలిపితే ఉప్పును మనమే చేతులారా గచ్చు కింద పెట్టినట్టు. పరిచే ముందు టైలును నీళ్ళలో తడపడం మరిచిపోవద్దు, పొడి టైలు అడుసులోని తడినంతా పీల్చేసి పట్టు లేకుండా చేస్తుంది.

పాలిషింగ్ మెషీను వాళ్ళు తప్పకుండా వస్తారు. మొజాయిక్ గచ్చుకు ఆ మెషీను మంచిదే, ఎందుకంటే దానిలో రాళ్ళ ముక్కలు కలిసిన పైపొర మందంగా ఉంటుంది. పూల టైలుకు రంగు ఉన్నది మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఆ మెషీనుకు ఉండే కార్బొరండం సానరాళ్ళు ఒక్కపూటలో అందులో ఎంత తింటాయో చెప్పలేం. పైగా మెరుపు కోసం చివర్లో వాళ్ళు రుద్దే తెల్లపొడి సాధారణంగా ఆక్సాలిక్ యాసిడే. గరుకు మరీ ఎక్కువగా ఉన్నచోట నాలుగువందల నంబరు వాటర్ పేపరును (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి చేత్తో మెల్లగా రుద్దించు, అంతకు మించవద్దు.

ఇక సీలర్. సంక్రాంతి దాటిన తర్వాత, శివరాత్రి లోపల ఈ పని పెట్టుకో. మన ఊళ్ళో ఆ రోజుల్లో గాలిలో తేమ కొంత తక్కువగా ఉంటుంది. కడిగిన తర్వాత కనీసం మూడు వారాలు ఆరనిచ్చి, పాలిథీన్ పరీక్ష మళ్ళీ చేసి, అది పొడిగా వస్తేనే మొదలుపెట్టు. దుకాణంలో పేరు చెప్పి అడగవద్దు, ఇది పైన పొర కట్టేదా, లోపలికి ఇంకేదా అని అడుగు. లోపలికి ఇంకి, ఆవిరిని పోనిచ్చే సిలేన్, సిలోక్సేన్ రకమే మనకు కావలసినది. అది మెరుపు ఇవ్వదు, నీళ్ళను తొందరగా లోపలికి దిగనివ్వదు, అంతే. ముందు మూలలో ఒక టైలు మీద వేసి రెండు రోజులు చూడు. తర్వాత పాత పంచె ముక్కతో పలచగా పూసి, పది నిమిషాలకు పైన మిగిలిన తడిని పొడి గుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. మర్నాడు రెండో చెయ్యి వెయ్యి. నీటి చుక్క వేస్తే టైలు నల్లబడకుండా ముత్యంలా నిలబడితే సరిపోయినట్టు. అతుకులు కొత్తగా నింపేది ఉంటే మొదటి చెయ్యి సీలర్ వేసిన తర్వాతే నింపించు, లేకపోతే ఆ నింపే గ్రౌట్‌లోని రంగు టైలులోకి దిగి మరకలవుతుంది. వరండా మెట్ల మీద ఉన్న చిన్న చిన్న త్రికోణాలు మాత్రం కాల్చిన మట్టివి అనిపిస్తున్నాయి. అవే అయితే వాటికి సీలర్ అవసరమే లేదు.

మెరుపు కావాలంటే సీలర్ ఆరిన వారం తర్వాత తేనెమైనం పాలిష్‌ను పలచగా రుద్దుకోవచ్చు. మీ నాయనమ్మ కొబ్బరినూనె రాసేవారని నీకు గుర్తుండవచ్చు. రోజూ పొడిగుడ్డతో రుద్దే మనుషులు ఇంట్లో ఉన్నారు కనుక అప్పుడు సాగింది. కొబ్బరినూనె ఆరదు, దుమ్మును పట్టేస్తుంది. అవిసె నూనె ఆరుతుంది కానీ తెల్ల టైల్స్‌ను పసుపుపచ్చగా మారుస్తుంది. పైగా ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. ఎవరైనా వాడితే ఆ గుడ్డలను నీళ్ళలో ముంచి బయట ఆరవెయ్యమను.

నువ్వు పంపిన మూడో ఫోటోలో కిటికీ కింద నాలుగు టైల్స్ స్థానంలో నల్ల సిమెంటు కనబడుతోంది. కొత్తవి చేయించవద్దు. మధ్య గది మా వాటాకు వచ్చినప్పుడు గోడ కదిపిన చోట తీసిన ఆరు టైల్స్‌ను వార్తాపత్రికల్లో చుట్టి మా అటక మీద ఉంచాను, అదే ఆకుపచ్చ, అదే పువ్వు. ఆదివారం అల్లుడుగారిని పంపించు. స్కూటరు మీద కాదు, ఆటోలో రమ్మను, ఒక్కొక్కటీ బరువుగా ఉంటుంది, అంచులు తగలకూడదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న