నినాదాలు వదిలి చిన్న మాటలు చూడు

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. ప్రచార పోస్టుల వెనక ఉన్న మనిషిని భాషతోనే పట్టేశానన్నావు, ఒక ఉద్యోగి పేరు కూడా రాసేశావు. కానీ నువ్వు చూపించిన ఆధారాలన్నీ నినాదాలు, తిట్లు, ఎత్తిపొడుపులు. ఒకే మాటను వందమంది చేత అనిపించడమే ప్రచారం పని. అవి కలిసినంత మాత్రాన రాసిన చెయ్యి ఒకటే అయిపోదు.

రాసేవాడు పట్టించుకోని చిన్న మాటలు చూడు. అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదింపజేయడానికి 1787-88లో మారుపేరుతో ఫెడరలిస్ట్ వ్యాసాలు వచ్చాయి. అవీ ఒక రకంగా ప్రచారమే. వాటిలో 12 వ్యాసాలు అప్పటి అమెరికా నాయకులు హామిల్టన్, మాడిసన్‌లలో ఎవరు రాశారన్నది చాలాకాలం తేలలేదు. మోస్టెల్లర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు వాదనల జోలికి పోకుండా, 'అపాన్' (upon) లాంటి పొట్టి ఇంగ్లిష్ పదాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కగట్టారు. హామిల్టన్ ఆ పదాన్ని తెగ వాడతాడు, మాడిసన్ దాదాపు ముట్టుకోడు. 1964లో అచ్చయిన వాళ్ల పుస్తకం మాడిసన్ వైపే తేల్చింది.

ఇక్కడ ఒకటి గమనించు. వాళ్ల ముందున్న ప్రశ్న 'ఈ ఇద్దరిలో ఎవరు?' అని. ఇద్దరూ సంతకంతో రాసినవి బోలెడు ఉన్నాయి. నీ ప్రశ్న 'లోకంలో ఎవరు?' అని. పైగా నీ చేతిలో ఉన్నవి రెండేసి లైన్ల పోస్టులు. వాటిని ఒకడే రాశాడో, షిఫ్టుల్లో నలుగురు రాశారో, మెషీనే రాసిందో నీకెలా తెలుసు?

తప్పులను చూసి 'ఇది ఫలానా భాషవాడి ఇంగ్లిష్' అనెయ్యడం ఇంకా ప్రమాదం. తప్పులు కావాలనీ చేస్తారు. 2016లో అమెరికా డెమొక్రాటిక్ పార్టీ నుంచి హ్యాక్ చేసిన పత్రాలను ఇంటర్నెట్‌లో 'గుసిఫర్ 2.0' అనే మారుపేరుతో బయటపెట్టినవాడు తాను రొమేనియా వాడినని చెప్పుకున్నాడు. ఒక విలేఖరి రొమేనియన్‌లో ప్రశ్నలు వేస్తే తడబడ్డాడు. భాష అంతవరకే చెప్పింది: వీడు చెప్పుకున్నవాడు కాదు. ఆ పేరు వెనక ఉన్నది రష్యా సైనిక నిఘా అధికారులని 2018 జూలైలో అమెరికా అభియోగపత్రం ఆరోపించింది. గుసిఫర్ మొదటి పోస్టులో కనిపించిన కొన్ని ఇంగ్లిష్ మాటలనే, అది పెట్టిన రోజే, కాస్త ముందుగా మాస్కోలోని ఒక సర్వర్ నుంచి వెతికారని అందులో ఉంది. చూశావా, మాటల పక్కన సర్వర్ జాడ కూడా ఉంటేనే పేరు దాకా వెళ్లారు! అదీ కోర్టులో ఇంకా రుజువు కావలసిన ఆరోపణే.

నాకైతే భాష మనుషులను జాబితాలోంచి తీసెయ్యడానికి పనికొచ్చినంతగా, పేరు పెట్టి చూపించడానికి పనికిరాదు. నువ్వు పేరు పెట్టిన ఉద్యోగి రేపు నిజంగా సంబంధం లేనివాడని తేలితే, ఆ టెన్షన్ నీది కాదు, అతని ఇంట్లోవాళ్లది.

మూడో పేరాలో ఆ పేరు తీసెయ్. అతను బయట రాసినవి, ఆ విషయం మీదే ఇంకో నలుగురు రాసినవి పోగెయ్. 'అయితే', 'కాబట్టి', 'కూడా' ఎవరు ఎంత తరచుగా వాడారో లెక్కపెట్టు. లెక్క నీ అనుమానానికి ఎదురుతిరిగినా సరే, పట్టిక మొత్తం నాకు పంపు. వ్యాసం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన