రెండు లాబ్రడార్లతో దూర ప్రయాణాలకు ఎలాంటి కారు కొనాలి?

డిక్కీ ఎన్ని లీటర్లన్నది ఒక్కటే చూస్తే చాలదు. పెరిగిన లాబ్రడార్ భుజం దగ్గరే 55 నుంచి 62 సెంటీమీటర్ల ఎత్తుంటుంది కనుక, అది లేచి ఒక చుట్టు తిరిగి పడుకోవడానికి చోటుందో లేదో టేపుతో కొలిచి చూడాలి. డిక్కీ విడిగా మూసి ఉండే సెడాన్లు ఇక్కడే తప్పుకుంటాయి. మూడో వరుస సీట్లు మడిస్తే దాదాపు చదునైన చోటు దొరికే ఎర్టిగా వంటివి, నా దృష్టిలో, ఎత్తైన ఎస్‌యూవీల కంటే మేలు. తుంటి కీళ్ల జబ్బు తరచుగా కనిపించే ఈ జాతి కుక్క 30 కిలోల బరువుతో అంత ఎత్తు నుంచి పదే పదే దూకడం మంచిది కాదు. సీఎన్‌జీ రకమైతే సిలిండర్ ఆ చోటునే ఆక్రమిస్తుంది. ఏసీ గాలి వెనకదాకా చేరుతుందో లేదో ఎండవేళ టెస్ట్ డ్రైవ్‌లో వెనక కూర్చునే తేల్చుకోండి. షోరూం నీడలో అన్ని కార్లూ చల్లగానే ఉంటాయి. సీట్లకూ కుక్కలకూ మధ్య గట్టి జాలీ బిగించడం తప్పనిసరి.