హ్యూగో కూతురి ఊరికి ఒక రోజు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లో రువాన్ నగరంలో చదువుతోంది. సెప్టెంబరులో నేనూ మావారూ వెళ్తున్నాం. ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగో సమాధి అక్కడికి దగ్గర్లోనే నది ఒడ్డున ఒక పల్లెలో ఉందని చదివాను. పారిస్ పెట్టుకుని పల్లెటూరికి ఒక రోజు ఎందుకంటారు మావారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు కూడా. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెళ్లండమ్మా. పారిస్‌లో ఒక రోజు తగ్గించుకుని అయినా వెళ్లండి.

ఆ ఊరు విల్కియే. రువాన్‌కి దిగువన సుమారు 40 కిలోమీటర్లు, సెన్ నది ఒడ్డున. అయితే అక్కడున్నది హ్యూగో సమాధి కాదు. 1885లో ఆయన పోయాక పారిస్‌లో, దేశంలోని గొప్పవాళ్ల సమాధులుండే పాంతియన్‌లో ఉంచారు. విల్కియేలో ఉన్నది ఆయన పెద్ద కూతురు లియోపోల్దీన్.

ఆ అమ్మాయికి 1843 ఫిబ్రవరిలో షార్ల్ వాక్రీతో పెళ్లయింది. వాక్రీల ఇల్లు ఆ ఊళ్లో నదికి ఎదురుగానే ఉంది. సెప్టెంబరు 4న కొత్త దంపతులు, షార్ల్ బాబాయి, ఆయన చిన్న కొడుకు పడవలో పక్క ఊరు కోద్‌బెక్ వెళ్లి తిరిగి వస్తుంటే గాలి ఒక్కసారి విసిరికొట్టి పడవ తిరగబడింది. ఆమెకి పందొమ్మిదేళ్లు. ఈత వచ్చిన షార్ల్ ఆమె కోసం మళ్లీ మళ్లీ మునిగాడు. చివరికి అతనూ పైకి రాలేదు. నలుగురూ పోయారు. భార్యాభర్తలని ఒకే శవపేటికలో పెట్టారు.

తండ్రి అప్పుడు స్పెయిన్ నుంచి తిరిగి వస్తున్నాడు. రోష్‌ఫోర్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని పేపరు తిరగేస్తే అందులో కూతురి చావు వార్త ఉంది. అప్పటికి అయిదు రోజులైంది. నాకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ మహాకవిని మనలాంటి తండ్రిగా చూడటానికి.

ఆయన ఆ దుఃఖాన్ని కవిత్వంలో పెట్టి 1856లో పుస్తకంగా తెచ్చాడు. అందులో ఒక చిన్న కవిత ఉంది. ఒక మనిషి తెల్లారగానే బయల్దేరి, చుట్టూ ఏం ఉందో చూడకుండా, రోజంతా నడిచి వెళ్తాడు. తను ప్రేమించిన మనిషిని ఎవరినో కలవడానికి అనుకుంటాం. సమాధి మీద పూలు పెట్టడానికని ఆఖరి పాదాల్లో తెలుస్తుంది. ఫ్రాన్స్ పిల్లలు బళ్లో కంఠస్థం చేసే కవిత అది. బయల్దేరే ముందు మీ అమ్మాయి చేత చదివించుకుని అర్థం చెప్పించుకోండి. అది వినకుండా వెళ్తే మీవారి మాటే నిజమవుతుంది, అందమైన పల్లెటూరు ఇంకొకటి చూసినట్టు ఉంటుంది.

ముందు చర్చి పక్కన శ్మశానానికి వెళ్లండి. లియోపోల్దీన్ దగ్గరే ఆమె తల్లి అడెల్ కూడా ఉంది. 1868లో అడెల్ బ్రస్సెల్స్‌లో పోయింది, కూతురి పక్కన పెట్టమని కోరింది. హ్యూగో అప్పటికి దేశం విడిచి ప్రవాసంలో ఉన్నాడు. పెట్టె వెంట సరిహద్దు వరకే వచ్చి ఆగిపోయాడు. ఇది తెలిసి ఆ రాయి ముందు నిలబడితే కళ్లు చెమర్చకుండా ఉండవు.

వాక్రీల ఇల్లు ఇప్పుడు హ్యూగో మ్యూజియం, నడిపేది అక్కడి జిల్లా పాలకవర్గం. కుటుంబం బొమ్మలు, ఉత్తరాలు ఉంటాయి. రాతలు చాలావరకు ఫ్రెంచిలోనే, మీ అమ్మాయి పక్కనుంటే మేలు. ఏ రోజు సెలవో ముందే చూసుకోండి.

ఆ తర్వాత నది ఒడ్డున తీరిగ్గా కూర్చోండి. అది వట్టి నది కాదు. కళింగపట్నం దగ్గర వంశధారలోకి పోటు ఎక్కినట్టు ఇక్కడా ఎక్కుతుంది. కాకపోతే ఇక్కడ సముద్రం చాలా దూరం, అయినా పోటు రువాన్ దాటి పైకి పోతుంది. ఒకప్పుడు పెద్ద పోటు రోజుల్లో నీళ్లు గోడలా లేచి ఎదురొచ్చేవి, చూడటానికి జనం కోద్‌బెక్ వచ్చేవాళ్లు. 1960లలో నదిని లోతు చేశాక అది పోయింది. లియోపోల్దీన్ పడవని ముంచింది ఆ కెరటమే అని కొందరు రాస్తారు, అది గాలి పని. రువాన్ రేవుకి వెళ్లే సముద్రపు ఓడలు ఇప్పటికీ ఈ ఊరి ముందు నుంచే పోతాయి. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ చూశాను, ఇళ్ల కప్పుల కంటే ఎత్తున్న ఓడ చప్పుడు లేకుండా గుమ్మాల ముందు నుంచి వెళ్లిపోయింది.

మోకాళ్ల సంగతి: ఒడ్డంతా చదునే. రువాన్ నుంచి కోద్‌బెక్‌కి బస్సుంది. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు, టాక్సీ ముందురోజే చెప్పించండి. పల్లెల్లో అప్పటికప్పుడు దొరకవు, ఆదివారం బస్సులూ తక్కువే. 2016లో విల్కియేని చుట్టుపక్కల ఊళ్లతో కలిపేశారు కాబట్టి మ్యాపులో రీవ్-ఆన్-సెన్ అని కనిపిస్తే కంగారు పడకండి. మధ్యాహ్నం రెండు దాటితే హోటళ్లలో వంట ఆపేస్తారు, పులిహోర డబ్బా పట్టుకెళ్లండి.

వీసా మాత్రం అశ్రద్ధ చేయొద్దు. మీరు అమ్మాయి ఇంట్లోనే దిగుతుంటే, తను అక్కడి మునిసిపల్ ఆఫీసు నుంచి ఆతిథ్య పత్రం తీసుకుని మీకు పంపాలి. ఇల్లు సరిపోతుందా అని వాళ్లు చూస్తారు, కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టమనండి. ఇద్దరికీ 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఆఖరి నిమిషం దాకా ఆగితే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ప్రశ్న: ఫ్రాన్స్ మాకు అందదు. మన జిల్లాల్లో పిల్లలకి ఇలాంటివి చూపించాలంటే?
– ఒక టీచరు, ఆమదాలవలస

జవాబు: మీకు శ్రీకాకుళం ఎంత దూరమని! కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో పెట్టిన కథానిలయం అక్కడే ఉంది. పాత పత్రికల్లో పడి మరుగున పోయిన తెలుగు కథలని అక్కడ వెతికి చదువుకోవచ్చు. పిల్లలకి ఒక్కొక్కరికీ ఒక్కో కథ అప్పజెప్పండి, ఊరికే తిప్పి తీసుకురాకండి. ఇంకో సెలవు రోజు విజయనగరంలో గురజాడ వారి ఇల్లు. రెండూ ఒకే రోజున పెట్టకండి, పిల్లలు అలసిపోతారు.