ఆల్చిప్పల గుట్టలు ఎవరు పోసినవి?

ప్రశ్న: సముద్రపు ఒడ్డున గుట్టలుగా దొరికే ఆల్చిప్పలు అలలు తెచ్చి పోసినవా, ఆదిమ మానవులు తిని పారేసినవా అన్నది ఎలా నిర్ధారిస్తారు?

జవాబు: 1848లో డెన్మార్క్‌లో ఏర్పడిన పరిశోధక సంఘాన్ని వేధించిన సందేహం కూడా ఇదే. అలలు తోసిన గుట్టలో చిన్నాపెద్దా చిప్పలన్నీ ఇసుకతో, గులకరాళ్లతో కలగలిసి ఉంటాయి. డెన్మార్క్ గుట్టల్లో మాత్రం దాదాపు అన్నీ బాగా ఎదిగిన ఆల్చిప్పలే కావడం, వాటి నడుమ బొగ్గు, చెకుముకి రాతి పనిముట్లు, పగలగొట్టిన జంతువుల ఎముకలు ఉండటంతో అవి తినగా మిగిలిన వాటి కుప్పలేనని తేలింది. పక్షుల ఎముకల్లో కొన్ని భాగాలే మిగలడం గమనించిన ఆ సంఘంలోని జంతుశాస్త్రవేత్త స్టీన్‌స్ట్రుప్, కుక్కలకు ఎముకలు వేసి చూశారు. అవి వదిలేసిన ముక్కలూ గుట్టల్లోని ముక్కలూ ఒకే తీరుగా ఉండటంతో, ఆ గుట్టలు పోసిన ఆదిమ మానవులు కుక్కలను పెంచేవారని కూడా తెలిసింది. ఇంత ముచ్చటైన రుజువు పురావస్తు శాస్త్రంలో అరుదనే చెప్పాలి.

అయితే వారు ఆల్చిప్పలతోనే కడుపు నింపుకున్నారనుకోవడం పొరపాటు, ఎందుకంటే చిప్ప నిలిచినంతగా చేపముల్లు నిలవదు. వారు చేపలు కూడా పట్టేవారు: డెన్మార్క్‌లోనే నీట మునిగిన టైబ్రిండ్ విగ్ అనే ఆదిమ ఆవాసంలో 1978 నుంచి జరిపిన తవ్వకాల్లో దుంగను తొలిచి చేసిన దోనెలు, నగిషీ చెక్కిన తెడ్లు, దారపు ముడి ఇంకా ఊడని ఎముక గాలం బయటపడ్డాయి.