నాన్నగారికి షుగరు ఉంది, చలికాలం ముందు ఫ్లూ టీకా వేయించాలా?

మీ నాన్నగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది, అమ్మగారితో పాలకొల్లు దగ్గర పల్లెలో ఉంటారని రాశారు. టీకా వేస్తే ఆ జ్వరమే వస్తుందని ఊళ్లో అంటున్నారట, వేయించాలా వద్దా అని అడిగారు. తప్పకుండా వేయించండి. మాది అమలాపురం వైపు. మా అమ్మకి షుగరూ ఆయాసమూ రెండూ ఉన్నాయి. ఏటా వేయిస్తున్నాం.

మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి ఎక్కువవుతుంది. ఆ రెండోది సరిగ్గా సంక్రాంతికి తగులుకుంటుంది. ఒక ఏడు పండక్కి హైదరాబాద్ నుంచి అందరూ దిగారు. భోగి నాడే మా చెల్లెలి కొడుక్కి ఒళ్లు కాలిపోతోంది, వాడేమో అమ్మమ్మ పక్క వదలడు. కనుమ దాటాక అమ్మకి మొదలైంది. రొంపలా కాదండి, ఒళ్లంతా నొప్పులు, మంచం దిగలేకపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. న్యుమోనియా అన్నారు. కాకినాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో ఉంచాం. జ్వరం తగ్గాక కూడా షుగరు చాలా రోజులు అదుపులోకి రాలేదు.

టీకా ఒంట్లో పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. చుట్టాలు దిగే ముందు పరిగెత్తకుండా కార్తీకమాసంలోనే, మాసూళ్ల హడావుడిలో పడకముందే వేయించేయండి. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి నిరుటిది ఈ ఏటికి సరిపోదు.

జ్వరం సంగతికొస్తే, మామూలుగా వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు. వేయించుకున్నాక రొంప పట్టిందంటే అది వేరే వైరస్‌ల పని. ఫ్లూ అసలే రాదని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు గానీ, వచ్చినా ఆసుపత్రి దాకా పోయే ప్రమాదం తగ్గుతుంది. మాకు కావలసింది అదే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మెడికల్ షాపులో కొని, సంచిలో వేసుకుని, బండి మీద ఎండలో ఆర్‌ఎంపీ దగ్గరికి పట్టుకెళ్లడం మన వైపు అలవాటు. ఆ పని మాత్రం చేయకండి. పిల్లల డాక్టర్లు ఈ టీకా ఎక్కువగా వాడతారు, వాళ్ల ఫ్రిజ్‌లో ఉంటుంది, పెద్దవాళ్లకీ వేస్తారు. ముందు ఫోన్ చేసి, ఈ సీజన్‌దేనా అని అడిగి వెళ్లండి. పెట్టె మీద సీజన్, ఎక్స్‌పైరీ రాసి ఉంటాయి, మీరే చూసుకోండి. డబ్బు మనమే పెట్టుకోవాలి, ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు.

ఆ రోజు జ్వరంగా ఉంటే వాయిదా వేయండి. ఇంతకుముందు ఏ టీకాకైనా రియాక్షన్ వచ్చి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. న్యుమోనియా టీకా గురించి కూడా అప్పుడే అడగండి. అమ్మగారికీ అదే రోజు వేయించేయండి, ఇద్దరూ ఉండేది ఒక ఇంట్లోనే కదా.